సైనిక స్థావరాల్లో మచ్చిక తప్పిన గుర్రాలు, అడవి జంతువులు: లెక్కింపు నుంచి తరలింపు దాకా సమగ్ర మార్గదర్శి

సైనిక స్థావరం గేటు దగ్గర ‘అనుమతి లేనిదే ప్రవేశం లేదు’ అన్న బోర్డు ఉంటుంది. జంతువులకు చదువు రాదు. పైగా వాటికి కావలసినవన్నీ లోపలే ఉంటాయి. ఫిరంగుల సాధన కోసం ఖాళీగా వదిలిన వేల ఎకరాలు, ఎవరూ దున్నని బీళ్లు, వేటగాళ్లు అడుగు పెట్టలేని పొదలు. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని ఫోర్ట్ పోల్క్ స్థావరంలో, దాన్ని ఆనుకున్న అడవిలో ఒక దశలో సుమారు 700 గుర్రాలు తిరిగేవి. మన బెంగాల్‌లోని బిన్నాగుడి సైనిక ఆసుపత్రి వరండాలో 2022లో ఏనుగులు నడుచుకుంటూ పోయిన దృశ్యాలు దేశమంతా చూసింది.

స్థావరాల పర్యావరణ విభాగాల్లో పనిచేసేవారికి, పశువైద్యులకు, కంటోన్మెంట్లకు ఆనుకుని డ్యూటీ చేసే అటవీ సిబ్బందికి, ఈ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలనుకునే విద్యార్థులకు ఉద్దేశించిన మార్గదర్శి ఇది. ఉదాహరణల్లో ఎక్కువ భాగం అమెరికావి. స్థావరాల్లో గుర్రాల బెడద అక్కడే ఎక్కువ, వాటి మీద కోర్టు కేసులూ అక్కడే ఎక్కువ. మన చట్టం వేరుగా ఉన్నచోట ఆ సంగతి చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం గుర్తుంచుకోవాలి. స్థావరం కమాండర్ రెండు మూడేళ్లకు బదిలీ అవుతాడు. ఆడ గుర్రం ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఈ పనిలో తలెత్తే చిక్కుల్లో సగం ఆ తేడాలోంచే పుడతాయి. కొత్తగా వచ్చిన ప్రతి అధికారీ తన హయాంలోనే సమస్య తీరిపోవాలనుకుంటాడు. కింద చెప్పిన అడుగుల్లో ఏదీ ఒక్క అధికారి హయాంలో పూర్తయ్యేది కాదు.

మొదటి అడుగు: జంతువు ఎవరిదో తేల్చండి

తాడు, ట్రక్కు, మత్తుమందు అన్నీ తర్వాత. ముందు తేలాల్సింది ఈ జంతువు మీద అధికారం ఎవరిదన్నది.

అమెరికాలో అడవి గుర్రాలు, గాడిదల రక్షణకు 1971లో ప్రత్యేక చట్టం వచ్చింది. అయితే అది ఫెడరల్ భూ నిర్వహణ సంస్థ, అటవీ సేవా విభాగం ఏలుబడిలోని భూములకే వర్తిస్తుంది. సైన్యం భూమి దాని కిందికి రాదు. అందుకే ఫోర్ట్ పోల్క్ గుర్రాలను సైన్యం తన కాగితాల్లో ‘చొరబడిన గుర్రాలు’ అని రాసుకుంది. ఆ స్థావరం శిక్షణకు వాడుకునే భూమిలో కొంత కిసాచీ జాతీయ అరణ్యానిది. అంటే ఒకే గుంపు పొద్దున ఒక శాఖ భూమిలో, సాయంత్రం మరో శాఖ భూమిలో మేస్తుంది. నెవాడాలో పద్ధతి వేరు. నెల్లిస్ వైమానిక దళ క్షేత్రంలో 1962లోనే అడవి గుర్రాల కోసం ప్రత్యేక ప్రాంతాన్ని కేటాయించారు. అక్కడి గుర్రాల బాగోగులు భూ నిర్వహణ సంస్థ చూస్తుంది. జంతువు ఒకటే, రాష్ట్రం మారితే దాని హోదా మారిపోతుంది.

మన దేశంలో ఇంకో రకం. మచ్చిక తప్పిన గుర్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూళ్లలో లేదు. దానికి వర్తించేది 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం. పరాయి భూమిలో పడిన పశువులను బందెలదొడ్డికి తోలించే 1871 నాటి పశువుల చొరబాటు చట్టం కూడా ఉంది. ఆ చట్టంలో ‘పశువు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో గుర్రాలు, గాడిదలే కాదు, ఏనుగులూ ఒంటెలూ ఉన్నాయి. కచ్ రణ్‌లోని అడవి గాడిద సంగతి పూర్తిగా వేరు. అది వన్యప్రాణి చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువు. ఏనుగూ అంతే. రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి రాతపూర్వక ఉత్తర్వు లేకుండా వాటిని పట్టే అధికారం ఏ కమాండర్‌కూ లేదు.

కాబట్టి మొదటి వారంలో చేయాల్సిన పని ఒక కాగితం తయారుచేయడం. స్థావరంలో కనిపించే ప్రతి జాతికీ ఒక వరుస. ఏ చట్టం కిందికి వస్తుంది, పట్టడానికి అనుమతి ఎవరివ్వాలి, అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలి. దాని మీద న్యాయాధికారి సంతకం ఉండాలి. అమెరికా స్థావరాల్లో ఈ కాగితం ‘సమగ్ర సహజవనరుల ప్రణాళిక’లో భాగమవుతుంది. సైనిక భూముల్లో సహజవనరుల సంరక్షణ కోసం చేసిన 1960 నాటి సైక్స్ చట్టాన్ని 1997లో సవరించి ఈ ప్రణాళికను తప్పనిసరి చేశారు. కనీసం అయిదేళ్లకోసారి దాన్ని సమీక్షించాలి. రాష్ట్ర వన్యప్రాణి శాఖను, ఫెడరల్ చేపలు, వన్యప్రాణుల విభాగాన్ని కలుపుకొని తయారుచేయాలి.

‘చొరబడిన గుర్రాలు’ అని గుర్రాలను నిందించేవారికి ఒక మాట. చాలాచోట్ల వాటిని అక్కడికి తెచ్చింది సైన్యాలే. అస్సాంలోని డిబ్రూ-సైఖోవా జాతీయ ఉద్యానంలో తిరిగే గుర్రాలు రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక శిబిరాలు వదిలేసిన వాటి సంతతి. నమీబియా ఎడారి గుర్రాల పూర్వీకుల్లో మొదటి ప్రపంచ యుద్ధం నాటి దక్షిణాఫ్రికా సైన్యపు గుర్రాలు కూడా ఉన్నాయంటారు.

రెండో అడుగు: లెక్క

‘చాలా ఉన్నాయి’, ‘రోడ్డు నిండా అవే’ అన్నవి లెక్కలు కావు. లెక్క రెండు రకాలుగా కట్టాలి. ఒకటి మొత్తం సంఖ్య, రెండోది ఒక్కో గుర్రం గుర్తింపు.

మొత్తం సంఖ్య కోసం విశాలమైన స్థావరాల్లో హెలికాప్టర్ వాడతారు. అందులో ఇద్దరు పరిశీలకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా గుంపులను నమోదు చేస్తారు. ఒకరు 40 గుంపులు చూశారనుకుందాం. రెండోవారు 36 చూశారు. ఇద్దరి జాబితాల్లోనూ ఉన్నవి 30. అంటే మొత్తం కంటపడినవి 46. కానీ రెండోవారు చూసిన 36లో మొదటివారికి 30 మాత్రమే దొరికాయంటే ఆయన ప్రతి ఆరింటిలో ఒకదాన్ని వదిలేస్తున్నాడన్నమాట. 40ని 36తో గుణించి 30తో భాగిస్తే 48 వస్తుంది. ఇద్దరి కళ్లూ తప్పించుకున్న గుంపులు మరో రెండు ఉండాలి. చెట్లు దట్టంగా ఉన్నచోట ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఈ సవరణ చేయని లెక్కను నమ్మి వేసిన బడ్జెట్ రెండో ఏడాదికే చాలకుండా పోతుంది.

ఒక్కో గుర్రాన్ని గుర్తుపట్టడం కష్టమనిపిస్తుంది కానీ కాదు. గుర్రాలు కుటుంబాలుగా తిరుగుతాయి. ఒక మగది, కొన్ని ఆడవి, వాటి పిల్లలు. జత దొరకని కుర్ర మగవి వేరే జట్టు కడతాయి. ఒక కుటుంబం కనిపించిందంటే అందులో నాలుగైదింటిని ఒకేసారి నమోదు చేయవచ్చు. ప్రతి గుర్రానికీ మూడు ఫోటోలు కావాలి: ముఖం, ఎడమ పక్క, కుడి పక్క. నుదుటి మీది తెల్ల మచ్చ చుక్కలా ఉందా, ముక్కు దాకా పట్టీలా దిగిందా. ఏయే కాళ్లకు తెలుపు ఉంది, మడమ దాకానా, మోకాలి దాకానా. పాత గాయాలు, జూలు ఏ వైపు పడుతుంది అన్నవి రాసుకోవాలి. పేర్లు పెట్టకండి, నంబర్లు ఇవ్వండి అనే అధికారులుంటారు. నా దృష్టిలో రెండూ ఇవ్వడమే మేలు. గస్తీ జవాను ‘ఎల్-27 కుంటుతోంది’ అని ఫోన్ చేయడు. ‘చెవి తెగినది కుంటుతోంది’ అని చేస్తాడు.

ఇక పెరుగుదల. మేత, నీరు బాగున్నచోట మచ్చిక తప్పిన గుర్రాల సంఖ్య ఏటా 15 నుంచి 20 శాతం పెరుగుతుంది. నాలుగైదేళ్లలో రెట్టింపు. 200 గుర్రాలున్న స్థావరంలో 20 శాతం పెరుగుదల అంటే ఏడాదికి 40. ఏటా 40 తీసేస్తే సంఖ్య కదలకుండా ఉంటుంది. ‘ఈసారి 25 చాలు, బడ్జెట్ లేదు’ అని వరసగా మూడేళ్లు అనుకుంటే, 75 గుర్రాలను పట్టిన తర్వాత కూడా అక్కడ 255 ఉంటాయి. కొత్త కమాండర్‌కు మొదటి రోజే చూపించాల్సిన లెక్క ఇది.

మూడో అడుగు: నీరు, మేత, విషం

గుర్రానికి రోజుకు 20 నుంచి 40 లీటర్ల నీరు కావాలి. ఎండల్లో, పాలిచ్చే తల్లికి ఇంకా ఎక్కువ. న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ క్షిపణి క్షేత్రంలో 1994 కరవులో వందకు పైగా గుర్రాలు చనిపోయాయి. అవి క్షిపణి తగిలి పోలేదు. నీరూ మేతా లేక పోయాయి. 2007లో నెవాడాలోని టోనోపా పరీక్షా క్షేత్రం దగ్గర 71 గుర్రాల కళేబరాలు దొరికాయి. వాటి నీటి మడుగులో నైట్రేట్లు ప్రమాదకర స్థాయిలో ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. రన్‌వే మీద మంచు కరిగించడానికి చల్లే యూరియా రకం రసాయనం అక్కడికి చేరి ఉంటుందని అనుమానించారు.

అందుకని స్థావరంలోని ప్రతి నీటి వనరునూ పటం మీద గుర్తించండి. రన్‌వే నుంచి వచ్చే మురుగు కాలువ, వాహనాలు కడిగే చోటు, మందుగుండు కాల్చి పారేసే గుంట, వీటిలో దేని నీరు ఏ పల్లానికి చేరుతుందో వాన పడుతున్నప్పుడు నడిచి చూడండి. ఎండాకాలానికి ముందు నైట్రేట్లకు, లోహాలకు పరీక్ష చేయించండి. చెడ్డ నీరున్న మడుగుకు కంచె వేసే ముందు మరోచోట మంచినీటి తొట్టి పెట్టి, గుర్రాలు దానికి అలవాటు పడేదాకా ఆగాలి. లేకపోతే అవి పాత చోటనే కంచె పట్టుకుని నిలబడతాయి.

మేత మాత్రం పెట్టకండి. జాలితో వేసిన గడ్డిమోపు గుర్రాన్ని రోడ్డు పక్కకు రప్పిస్తుంది, వచ్చే ఏడాది పిల్లల సంఖ్యనూ పెంచుతుంది. కరవులో ఆకలితో చస్తున్నప్పుడు సంగతి వేరు. ఆ నిర్ణయం పశువైద్యుడిది.

ఆకలిని కొలవడానికి హెన్నెక్ కొలమానం ఉంది. 1983 నుంచి వాడుకలో ఉన్నది. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. పక్కటెముకలు కంటికి కనబడకుండా చేత్తో తడిమితే తగిలే గుర్రానిది 5. ఎముకలను దూరం నుంచే లెక్కపెట్టగలిగితే, తోక మొదట్లో ఎముక పొడుచుకొస్తే 3 లేదా అంతకన్నా తక్కువ. చలికాలపు దట్టమైన వెంట్రుకలు బక్కతనాన్ని దాచేస్తాయి. అప్పుడు పక్కటెముకలను కాకుండా తుంటి ఎముకలను, మెడ పైభాగాన్ని చూడాలి.

నాలుగో అడుగు: ప్రమాదాల పటం

సైన్యం మామూలుగా చెప్పే కారణం భద్రత. అది నిజమే కానీ ‘భద్రత’ అని ఊరికే రాస్తే కోర్టులో నిలబడదు. ఏ మలుపులో ఏ తేదీన ఏ వాహనానికి గుర్రం అడ్డొచ్చింది, ఏ కాల్పుల సాధన ఎన్ని నిమిషాలు ఆగింది, పారాచూట్లు దిగే మైదానంలో ఎన్నిసార్లు గుంపు కనిపించింది, ఇవన్నీ పటం మీద చుక్కలుగా పడాలి. రాత్రిపూట దీపాలార్పి నడిపే వాహనాల దారులను ప్రత్యేకంగా గుర్తించండి. చాలాచోట్ల చుక్కలన్నీ రెండు మూడు చోట్లే గుమిగూడతాయి. ఆ మూడు చోట్ల కంచె వేస్తే మందలో సగాన్ని పట్టే ఖర్చు తప్పవచ్చు.

కాల్పుల మైదానంలోకి ఎవరు వెళ్లాలన్నా రేంజి నియంత్రణ గది అనుమతి తప్పదు. పేలని గుండ్లు ఎక్కడ పడి ఉన్నాయో పశువైద్యుడికి తెలియదు. బాంబు నిర్వీర్య బృందం ముందు నడవాలి. గుర్రాలను తోలడానికి గాల్లోకి కాల్చడం దండగ. ఏళ్ల తరబడి ఫిరంగి మోత వింటూ పెరిగినవి టపాకాయకు చెవి కూడా తిప్పవు. వాహనంతో పక్క నుంచి నిదానంగా ఒత్తిడి తెస్తే కదులుతాయి.

రన్‌వే దగ్గర మాత్రం సర్దుబాటు లేదు. 1995 సెప్టెంబర్ 22న అలాస్కాలోని ఎల్మెన్‌డార్ఫ్ స్థావరం నుంచి లేచిన నిఘా విమానం ఇంజిన్లలోకి బాతులు దూరడంతో కూలి, అందులోని 24 మందీ చనిపోయారు. పక్షికే అంత శక్తి ఉంటే గుర్రం సంగతి చెప్పేదేముంది. రన్‌వే చుట్టూ పూర్తి కంచె, దాని కింద పందులు తవ్వకుండా నేలలో పాతిన వలకంచె, రోజూ పొద్దున గస్తీ ఉండాలి. గడ్డి మరీ పొట్టిగా ఉంటే ఒక రకం పక్షులు, మరీ ఏపుగా ఉంటే ఎలుకలు, వాటి కోసం గద్దలు వస్తాయి. అమెరికా వైమానిక దళం దాన్ని 7 నుంచి 14 అంగుళాల మధ్య ఉంచమంటుంది.

ఐదో అడుగు: పుట్టుకలు తగ్గించడం

పట్టి తీసేయడం ఒక్కటే దారి అనుకునేవారు ముందు ఈ అడుగు చదవాలి.

పంది అండాశయాల నుంచి తీసిన ఒక ప్రొటీన్‌తో చేసే పీజడ్‌పీ అనే టీకా ఉంది. అది ఆడ గుర్రంలో ప్రతిరక్షకాలను పుట్టిస్తుంది. అవి అండం చుట్టూ ఉన్న పొరను పట్టుకుని వీర్యకణాన్ని లోపలికి రానివ్వవు. గుర్రం నడవడిలో పెద్ద మార్పు రాదు, అప్పటికే కడుపుతో ఉన్నదానికి హాని లేదు. మేరీలాండ్ తీరంలోని అసటీగ్ దీవిలో 1994 నుంచి ఏళ్ల తరబడి మందను దీనితోనే అదుపులో పెట్టారు. గోనాకాన్ అనే మరో టీకా ఉంది. అది హార్మోన్ల మీద పనిచేస్తుంది, రెండో మోతాదు తర్వాత ప్రభావం ఏళ్ల పాటు ఉంటుంది.

ఆచరణలో ఇలా జరుగుతుంది. మొదటి సూది, కొన్ని వారాల తర్వాత రెండోది, ఆపైన ఏటా ఎదకొచ్చే కాలానికి ముందు ఒకటి. సూదిని దూరం నుంచి పేల్చే డార్ట్ తుపాకీతో పిరుదు కండరంలోకి కొట్టాలి. గుర్రం పక్కగా నిలబడి, తల దించి మేస్తున్నప్పుడే ట్రిగ్గర్ నొక్కాలి. దూరం 40 మీటర్లు దాటితే గురి మీద నమ్మకం పెట్టుకోకండి. సూది దిగాక డార్ట్ ఊడి గడ్డిలో పడుతుంది. దాన్ని వెతికి తీసి, మందు పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూసి, నంబరు రాసుకోవాలి. పడిన ప్రతి డార్టూ తిరిగి చేతికి రావాలి. సైనికుడు బోర్లా పడుకుని సాధన చేసే నేల అది. ఏ గుర్రానికి ఏ రోజు వేశారో తెలియకపోతే ఈ పద్ధతే పనికిరాదు. రెండో అడుగులో ఫోటోల కోసం పడిన శ్రమ ఇక్కడ అక్కరకొస్తుంది.

కమాండర్లకు ముందే చెప్పాల్సిన చేదు నిజం ఒకటుంది. టీకా వల్ల మంద వెంటనే తగ్గదు. ఉన్నవి అలాగే ఉంటాయి. పైగా పిల్లల్ని కనే భారం లేని ఆడ గుర్రాలు ఎక్కువ ఏళ్లు బతుకుతాయి. అసటీగ్‌లో అదే కనిపించింది. కాబట్టి మంద ఇప్పటికే భూమి మోయలేనంత ఉంటే, ముందు కొన్నింటిని తరలించి, మిగిలిన వాటికి టీకాలు వేయాలి. టీకా లేకుండా తరలింపు మాత్రమే చేస్తే, మిగిలిన వాటికి మేత పుష్కలంగా దొరికి పిల్లలు మరింత బాగా నిలుస్తాయి.

ఆరో అడుగు: పట్టడం

రెండు పద్ధతులున్నాయి. హెలికాప్టర్‌తో తోలడం విశాలమైన ఎడారి క్షేత్రాలకు సరిపోతుంది. అమెరికా భూ నిర్వహణ సంస్థ మార్చి 1 నుంచి జూన్ 30 దాకా హెలికాప్టర్ వాడదు. అది పిల్లలు పుట్టే కాలం. చెట్లున్నచోట, మందుగుండు పడి ఉన్నచోట ఎర దొడ్డే మేలు, అంటే మేత ఎరగా పెట్టి గుర్రాలు వాటంతట అవే లోపలికి వచ్చాక తలుపు మూసే దొడ్డి. నెమ్మదిగా సాగుతుంది కానీ కాళ్లు విరగవు.

ఎర దొడ్డి వేయడంలో తొందరపడేవాడికి గుర్రం దొరకదు. గుర్రాలు అప్పటికే వచ్చిపోయే చోటు ఎంచుకోండి, వాటిని కొత్త చోటికి రప్పించాలని చూడకండి. మొదట ఎండుగడ్డి, ఉప్పుగడ్డ మాత్రమే పెట్టి వదిలేయండి. గుర్రాలు రోజూ వస్తున్నాయని కెమెరాలో కనబడ్డాక ఒక పక్క ఇనుప కంచె ముక్కలు నిలబెట్టండి. నాలుగు రోజులు ఆగి రెండో పక్క. కంచె ఎత్తు ఆరడుగులకు తగ్గకూడదు. దొడ్డి గుండ్రంగా ఉండాలి. మూలలుంటే బెదిరిన గుర్రాలు అక్కడ ఒకదాని మీద ఒకటి పడి పిల్లల్ని తొక్కేస్తాయి. కడ్డీల మధ్య ఖాళీ కనిపిస్తే గుర్రం అందులోంచి దూరాలని చూస్తుంది. అందుకే బయటి నుంచి గోనెపట్టాలు కట్టాలి. అప్పుడు అది గోడలా కనిపించి ఆగుతుంది.

తలుపు ఎప్పుడు మూయాలన్నదే అసలు విద్య. ఆడవి, పిల్లలు లోపలికి వచ్చాక కూడా మగది గుమ్మం బయటే తచ్చాడుతుంది. చెవులు నిక్కబొడుచుకుని ముక్కుతో గాలి పీలుస్తూ, ఒక అడుగు లోపలికి, రెండడుగులు వెనక్కి వేస్తుంది. అప్పుడు తలుపు వేస్తే అది రాత్రంతా కంచెను ఢీకొడుతుంది, లోపలివి బెదిరి గాయపడతాయి. మర్నాటికి వదిలేయండి. ఆ మర్నాడు అదీ తల దించి గడ్డి నములుతూ వెనక కాలు కాస్త వదులుగా వంచి నిలబడుతుంది. అప్పుడు మూయండి. కెమెరా చూస్తూ ఫోన్‌తో తలుపు వేసే పరికరాలు ఇప్పుడున్నాయి. అయితే స్థావరంలో ఏ రేడియో తరంగం వాడాలన్నా సిగ్నల్స్ విభాగం అనుమతి తీసుకోవాలి.

పట్టిన వెంటనే మనుషులు దూరంగా జరగాలి. లోపల నీళ్ల తొట్టి ముందే ఉండాలి. ట్రక్కులోకి ఎక్కించేటప్పుడు కేకలు, కర్రలు, కుక్కలు వద్దు. కర్ర చివర కట్టిన ప్లాస్టిక్ సంచి చాలు. గుర్రం భుజం వెనకగా నిలబడితే ముందుకు కదులుతుంది, భుజానికి ముందుకొస్తే వెనక్కి తిరుగుతుంది. ఎదిగిన మగవాటిని వేరే అరలో ఎక్కించండి. పాలు తాగే పిల్లను తల్లి నుంచి ఒక్క గంట కూడా విడదీయకండి.

బక్కచిక్కిన గుర్రం దొరికితే దాణా గంప ముందు పెట్టాలనిపిస్తుంది. అదే దాన్ని చంపుతుంది. ఆకలితో ఎండిన ఒంట్లోకి పిండిపదార్థం ఒక్కసారిగా చేరితే రక్తంలో లవణాలు పడిపోయి గుండె ఆగవచ్చు. మొదటి రోజుల్లో గింజలు పూర్తిగా మానేసి, ఎండబెట్టిన లూసర్న్ గడ్డిని కొద్దికొద్దిగా కొన్ని గంటలకోసారి వేయాలి.

ఏడో అడుగు: పరీక్షలు, పంపకం

దొడ్డిలోంచి గేటు దాటే ముందు రక్తపరీక్ష తప్పదు. అమెరికాలో గుర్రాల అంటు రక్తహీనతకు కాగిన్స్ పరీక్ష చేస్తారు. మన దేశంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది గ్లాండర్స్ అనే బ్యాక్టీరియా రోగం. అది మనుషులకూ అంటుతుంది. అనుమానం వస్తే నమూనా హిసార్‌లోని జాతీయ గుర్రాల పరిశోధన కేంద్రానికి పోవాలి. ఫలితం వచ్చేదాకా మొత్తం దొడ్డి విడిగా ఉండాలి. స్థావరంలో రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ (సైన్యంలో జంతువులను చూసుకునే విభాగం) జంతువులుంటే వాటి దరిదాపులకు కూడా కొత్త గుర్రం పోకూడదు.

తర్వాత ఎక్కడికి? ఫోర్ట్ పోల్క్ 2016లో తీసుకున్న నిర్ణయంలో ఒక వరుస ఉంది. ముందు స్వచ్ఛంద రక్షణ సంస్థలకు ఇవ్వజూపాలి, తర్వాత వ్యక్తులకు, ఎవరూ తీసుకోకపోతే అమ్మకం. ఆ అమ్మకం చివరికి కబేళాకే దారి తీస్తుందన్న భయంతో గుర్రాల ప్రేమికుల సంఘం పెగాసస్ ఈక్వైన్ గార్డియన్ అసోసియేషన్ అదే ఏడాది డిసెంబరులో కోర్టుకెక్కింది. టులేన్ విశ్వవిద్యాలయ పర్యావరణ న్యాయ విభాగం వారి తరఫున నిలబడింది.

స్వచ్ఛంద సంస్థకు అప్పగించాం కదా అని చేతులు దులుపుకోవడమూ కుదరదు. వైట్ శాండ్స్ గుర్రాలను 1999లో ఒక పేరున్న రక్షణ సంస్థ దక్షిణ డకోటాకు తీసుకెళ్లింది. 2016లో అదే సంస్థ దగ్గర వందలాది గుర్రాలు మేత లేక కృశించినట్టు తేలి ప్రభుత్వం జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. కాబట్టి తీసుకునేవారి భూమి ఎంత, ఇప్పటికే ఎన్ని గుర్రాలున్నాయి, రెండేళ్ల మేత ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది అని అడగండి. వెళ్లి చూడండి. ఆరు నెలల తర్వాత మళ్లీ చూసే హక్కు ఒప్పందంలో రాయించుకోండి. ప్రతి గుర్రానికీ మైక్రోచిప్ వేయండి.

ఎనిమిదో అడుగు: మిగతా జంతువులు

గుర్రానికి పనికొచ్చింది పందికి పనికిరాదు. జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో 2007-08లో అడవిపంది తోకకు 40 డాలర్ల ఇనాము ప్రకటించారు. వెయ్యికి పైగా తోకలు వచ్చాయి. పందులు మాత్రం తగ్గలేదు సరికదా, పెరిగాయని పరిశోధకులు తేల్చారు. వేటగాళ్లు ఎర కోసం గుట్టలుగా పోసిన మేత తిని అవి మరిన్ని పిల్లల్ని పెట్టాయన్నది ఒక వివరణ. కొన్ని తోకలు మాంసం దుకాణాల నుంచి వచ్చాయన్న అనుమానమూ ఉంది. ఇనాముల మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదొక్కటి చాలు. పందులకు చేయాల్సింది గుంపు మొత్తం ఒకేసారి దొడ్డిలో పడేదాకా ఆగడం. సగం పట్టి సగం వదిలితే, తప్పించుకున్నవి మళ్లీ ఆ ఇనుము దగ్గరికి రావు.

వైట్ శాండ్స్‌లో 1969 నుంచి 1977 దాకా ఆఫ్రికాలోని కలహారి ఎడారికి చెందిన ఒరిక్స్ అనే పొడవాటి కొమ్ముల జింకలను వేట సరదా కోసం వదిలారు. వందకు లోపే వదిలారు. సింహాలు లేని చోట అవి వేలకు పెరిగాయి. పక్కనున్న జాతీయ పార్కు వాటిని ఆపడానికి మైళ్ల కొద్దీ కంచె కట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు వేట అనుమతులతో వాటిని అదుపు చేస్తున్నారు. గువామ్ దీవికి సైనిక సరుకులతో చేరిన గోధుమ రంగు చెట్టుపాము అక్కడి అడవి పక్షుల్లో చాలా జాతులను మింగేసింది. 80 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కూరిన చచ్చిన ఎలుక పిల్లలను హెలికాప్టర్ల నుంచి చెట్ల మీదికి జారవిడిచి ఆ పాములను చంపుతున్నారు. మనకు జ్వరం తగ్గించే మాత్ర ఆ పాముకు ప్రాణాంతకం. బయటి నుంచి వచ్చే ప్రతి కంటైనర్‌నూ దించే ముందు తనిఖీ చేయించడం ఇలాంటి యుద్ధాలన్నిటికన్నా చవక.

ఏనుగుల విషయంలో అడ్డం కట్టడం కాదు, దారి వదలడం ముఖ్యం. గువాహటి దగ్గరి నారంగి సైనిక స్థావరంలో ఏనుగులు రాకుండా నేలలో ఇనుప మేకులు పాతారు. 2019లో ఆ మేకుల వల్ల గాయపడిన ఏనుగు చనిపోయాక వాటిని తీసేయాల్సి వచ్చింది. కొట్టుగదులకు, వంటశాలలకు మాత్రమే గట్టి రక్షణ పెట్టి, తిండి వాసన బయటికి రాకుండా చూసి, పాత ఏనుగుల దారిని ఖాళీగా ఉంచాలి.

కొన్నిచోట్ల జంతువును కదిలించనక్కర్లేదు, మన కార్యక్రమాన్నే కదిలించాలి. ఒడిశా తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి నుంచి మార్చి దాకా అబ్దుల్ కలాం దీవి దగ్గర క్షిపణి పరీక్షలు ఆపడానికి రక్షణ పరిశోధన సంస్థ ఒప్పుకుంది. కృష్ణా జిల్లా నాగాయలంక దగ్గర గుల్లలమోదలో రాబోయే క్షిపణి పరీక్షా కేంద్రం పక్కనే కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఉంది. ఆ మడ అడవులు బావురుపిల్లులకు నెలవు. అక్కడా పరీక్షల పట్టికను, జంతువుల పట్టికను పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సిందే.

తొమ్మిదో అడుగు: ఊరు, విలేకరులు, గేటు

1981లో కాలిఫోర్నియాలోని చైనా లేక్ నౌకాదళ కేంద్రంలో వందల సంఖ్యలో అడవి గాడిదలను కాల్చి చంపారు. రన్‌వేకు, వాహనాలకు అవి నిజంగానే ప్రమాదం తెచ్చాయి. కానీ జనానికి ముందుగా ఏమీ తెలియలేదు. జంతు సంఘాలు కోర్టుకెళ్లాయి. ఆ తర్వాత గాడిదలను ప్రాణాలతో పట్టి తరలించే పద్ధతికి మారారు. అంతకుముందే ఆ ఆలోచన చేసి ఉంటే డబ్బూ పరువూ రెండూ మిగిలేవి.

లెక్కను, పటాన్ని, టీకాల జాబితాను ఏడాదికోసారి బహిరంగంగా పెట్టండి. రేంజి పటంలో రహస్యాలుంటే వాటిని మాత్రం తీసేయండి. ప్రాణాపాయంలో ఉన్న గుర్రాన్ని నొప్పి లేకుండా చంపాల్సి వస్తే ఎవరు నిర్ణయిస్తారో, ఎవరు చేస్తారో ముందే రాసి ఉంచండి. అర్ధరాత్రి రోడ్డు మీద కాలు విరిగి పడి ఉన్న గుర్రం ముందు నిలబడి ఆ చర్చ మొదలుపెట్టకూడదు.

చివరిది గేటు. స్థావరంలో గుర్రాలున్నాయని ఊరికి తెలిస్తే, సాకలేని గుర్రాన్ని రాత్రిపూట కంచె దగ్గర వదిలేసేవారు ఉంటారు. అడవి అంచు రోడ్ల మీద కెమెరాలు పెట్టండి. చుట్టుపక్కల పశువైద్యశాలల్లో ‘సాకలేకపోతే మాకు చెప్పండి’ అని ఒక ఫోన్ నంబరు అంటించండి. మందలో కొత్త ముఖం కనిపిస్తే, అది మనిషిని చూసి పారిపోకపోతే, గిట్టలకు నాడా ఉంటే అది ఎవరి పెరటిలోంచో వచ్చిందన్నమాట. దాన్ని మందలో కలిసిపోనివ్వకుండా ఆ వారంలోనే పట్టి చిప్ ఉందేమో చూడండి. ఉంటే యజమానికి నోటీసు పంపండి. లేకపోతే రక్తపరీక్ష చేయించి ఏడో అడుగులో చెప్పిన వరుసలో పెట్టండి.